నేనిచ్చిన మాత్ర వల్లే నాన్న కాళ్లు పడిపోయాయా?

ప్రశ్న: మా నాన్నకి 64 ఏళ్లు. తొమ్మిదేళ్ల కిందట గుండెలో మెటల్ వాల్వ్ పెట్టారు, అప్పట్నుంచి రోజూ రక్తం పలుచబడే మందు వార్ఫరిన్ వేసుకుంటున్నారు. 19 రోజుల కిందట రాత్రి 9 గంటలప్పుడు కూర్చున్న మనిషి ఉన్నట్టుండి రెండు భుజాల మధ్య ఎవరో కత్తితో పొడిచినట్టుందని అరిచారు. కండరం పట్టేసిందేమో అనుకుని నేనే ఒక పారాసెటమాల్ ఇచ్చి పడుకోమన్నాను. ఒంటిగంటకి బాత్రూంకి లేవబోతే రెండు కాళ్లూ సహకరించలేదు. ఆసుపత్రిలో ముందు ఈసీజీ, తర్వాత తలకి స్కాన్ తీశారు, రెండూ బాగానే ఉన్నాయన్నారు. ఉదయం 6 గంటలకి ఎమ్మారై తీస్తే ఛాతీ భాగంలో 2వ పూస నుంచి 6వ పూస దాకా వెన్నుపాము చుట్టూ రక్తం గడ్డకట్టి ఉందని తేలింది. రక్తం ఎంత పలుచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షలో 4.8 ఉందట. ఏవో ఇంజెక్షన్లు ఇచ్చి తొమ్మిదిన్నరకి ఆపరేషన్ మొదలుపెట్టారు. అప్పటికి కాళ్లు అసలు కదలడం లేదు కానీ ముట్టుకుంటే తెలిసేది. ఇప్పుడు ఎడమకాలి బొటనవేలు కొంచెం కదులుతోంది, కుడికాలిలో ఏమీ లేదు. యూరిన్ పైపు ఉంది. ఆపరేషన్ లేకుండా కూడా రక్తం కరిగిపోయేదని బంధువులొకరు అంటున్నారు, మేం తొందరపడ్డామా? గుండె డాక్టరేమో రక్తం పలుచబడే మందు వెంటనే మొదలుపెట్టాలంటున్నారు, ఆపరేషన్ చేసిన డాక్టర్ ఆగమంటున్నారు. ఎవరి మాట వినాలి? నాన్న మళ్లీ నడుస్తారా? ఆయన ఎవరితోనూ మాట్లాడడం లేదు. అంతకు ముందు వారం పంటి నొప్పికి ఆరు రోజులు మాత్రలు వాడారు, అంతే, వేరే జబ్బేమీ లేదు. ఆ రాత్రి నేను పడుకోమనకుండా ఉంటే ఇలా అయ్యేది కాదేమో అని నాకు నిద్ర పట్టడం లేదు.

సమాధానం: ముందు మిమ్మల్ని తొలిచేస్తున్న ప్రశ్నకే వస్తాను. మీరిచ్చిన మాత్ర వల్ల మీ నాన్నగారి కాళ్లు పడిపోలేదు. ఆయన పొడిచినట్టుందని అరిచేసరికే లోపల రక్తం కారడం మొదలైపోయింది, ఆ నొప్పే దానికి గుర్తు. తర్వాత వేసిన ఒక్క పారాసెటమాల్ ఆ రక్తాన్ని పెంచేదీ కాదు, ఆపేదీ కాదు.

మరి ఆ నాలుగు గంటలు పోయాయి కదా అంటారు. నిజమే, ఈ జబ్బులో గంటల లెక్క చాలా ముఖ్యం, అది కాదని మీకు చెప్పను. కానీ 9 గంటలకి మీ కళ్లముందున్నదేమిటో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. నొప్పి ఉంది, కాళ్లు బాగానే ఉన్నాయి, మనిషి మాట్లాడుతున్నారు. గుండె వాల్వ్ మార్చిన మనిషి ఆ చోట నొప్పని ఆసుపత్రికి వెళ్తే ఎవరైనా మొదట గుండెనే చూస్తారు, చూడాలి కూడా. కాళ్ల బలం తగ్గేదాకా వెన్నుపాము వైపు అనుమానం వెళ్లడం ఆరితేరిన డాక్టర్లకే కష్టం. ఎందుకంటే ఏ దెబ్బా తగలకుండా తనంతట తానుగా వచ్చే ఈ రక్తస్రావం ఏడాదికి పది లక్షల మందిలో సుమారు ఒక్కరికి వస్తుంది. ఉద్యోగ జీవితం మొత్తంలో ఒకటి రెండు కేసులు మాత్రమే చూసే డాక్టర్లే ఎక్కువ. వాళ్లకే తట్టనిది మీకు తట్టలేదని మిమ్మల్ని మీరు శిక్షించుకోవడం న్యాయం కాదు. కాళ్లు లేవలేదని తెలిసిన క్షణం నుంచి మీరు ఒక్క నిమిషం కూడా పోగొట్టలేదు, అర్ధరాత్రి ఒంటిగంటకి బయల్దేరారు, అది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు లోపల ఏం జరిగిందో చెప్తాను, ఎందుకంటే అది అర్థమైతే మిగతా ప్రశ్నల్లో సగం వాటంతటవే విడిపోతాయి. వెన్నుపాము దాదాపు మన చిటికెనవేలంత లావుంటుంది. దాని చుట్టూ మూడు పొరలున్నాయి, అన్నిటికన్నా బయటిది గట్టి పొర, దాన్ని డ్యూరా అంటారు. ఆ పొరకీ వెన్నుపూసల ఎముకకీ మధ్య ఉన్న సన్నటి సందులో కొంచెం కొవ్వు, సిరల అల్లిక ఉంటాయి. ఆ సిరలకి కవాటాలుండవు, కాబట్టి గట్టిగా దగ్గినా, తుమ్మినా, ముక్కినా కడుపులో, ఛాతీలో పెరిగిన ఒత్తిడి నేరుగా వాటిమీద పడుతుంది. మామూలు మనిషిలో ఎక్కడైనా చిన్న చిల్లు పడితే రక్తం గడ్డకట్టి అక్కడే పూడిపోతుంది. రక్తం మరీ పలుచబడి ఉన్న మనిషిలో అది పూడదు, కారుతూనే ఉంటుంది. చుట్టూ ఎముక, అది సాగదు. కాబట్టి చేరిన రక్తమంతా లోపలికి, మెత్తగా ఉన్న వెన్నుపాము మీదికి నొక్కుతుంది. ఛాతీ భాగంలో ఆ కాలువ ఇరుకు కూడా. పాము నలిగి, దానికి వెళ్లే రక్త ప్రసారం ఆగిపోయేసరికి మొదట కాళ్లు, ఆ వెంటే మూత్రం పట్టు తప్పుతాయి. మీ నాన్నగారికి చేతులు బాగానే ఉండటానికి కారణం కూడా ఇదే, చేతుల నరాలు దాదాపు అన్నీ దానికంటే పైనుంచే బయల్దేరతాయి. రక్తం డ్యూరా లోపలివైపు చేరే రకం, వెన్నుపాము లోపలే చేరే రకం కూడా ఉన్నాయి కానీ అవి ఇంకా అరుదు. మీ ఉత్తరాన్ని బట్టి నాన్నగారిది డ్యూరా బయటి రకమే అనిపిస్తోంది, ఆపరేషన్ నోట్స్‌లో ఎపిడ్యూరల్ అనే మాట ఉందేమో చూడండి.

మీ ఉత్తరంలో చివర్న, అంతే అంటూ తేల్చేసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పంటి నొప్పికి ఆరు రోజులు మాత్రలు. ఏ మాత్రలో మీరు రాయలేదు. పంటి చీముకి ఇచ్చే మందుల్లో మెట్రోనిడజోల్ చాలా మామూలు. అది వార్ఫరిన్‌ని శరీరం ఖర్చు చేసుకోకుండా అడ్డుపడుతుంది, అంటే వేసుకునేది అదే మాత్ర, అదే మోతాదు, కానీ రక్తంలో పనిచేసే మందు ఎక్కువైపోతుంది. కొద్ది రోజుల్లోనే ఐఎన్ఆర్ ఎగబాకుతుంది. దాంతోపాటు నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కూడా ఇచ్చి ఉంటే రక్తం గడ్డకట్టే గుణం ఇంకోవైపు నుంచీ తగ్గుతుంది. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లలో ఐఎన్ఆర్ 2.5 దగ్గరో 3 దగ్గరో ఉండేలా చూస్తారు, వాల్వ్ ఏ చోట ఉంది, ఏ రకం అన్నదాన్ని బట్టి. ఆ రాత్రి ఆయనకి 4.8 ఉంది. అది ఊరికే 4.8 అవ్వదు కదా. ఇదే కారణమని ఇక్కడ కూర్చుని నేను తీర్మానించలేను, కానీ ఆ పాత చీటీ వెతికి, ఆ మాత్రల పేర్లు ఇద్దరు డాక్టర్లకీ చూపించండి, ఈ రోజే. మాత్రలు రాసినవాళ్లు వార్ఫరిన్ సంగతి అడిగారో లేదో, నాన్నగారు చెప్పారో లేదో అని ఇప్పుడు తవ్వి ఎవరినో నిలదీయమని కాదు నేననేది. ముందు ముందు ఆయనకి యూరిన్ ఇన్ఫెక్షన్లు వస్తాయి, మళ్లీ యాంటీబయాటిక్స్ రాస్తారు, ఇదే కథ మళ్లీ జరక్కుండా ఉండాలంటే ఈ ముడి ఇప్పుడే తెలియాలి.

ఆపరేషన్‌కి తొందరపడ్డామా అన్నారు. లేదు. ఆపరేషన్ లేకుండా రక్తం కరిగిపోయినవాళ్లు ఉన్నారన్నది అబద్ధం కాదు, మీ బంధువులు ఎక్కడో విన్నది అదే అయ్యుంటుంది. కానీ వాళ్లు ఎవరంటే, నొప్పి తప్ప బలహీనత అంటూ పెద్దగా లేనివాళ్లు, లేదా బలహీనత వచ్చి కూడా మొదటి కొన్ని గంటల్లోనే కళ్లముందే తిరిగి బలం పుంజుకుంటున్నవాళ్లు. వాళ్లని కూడా ఇంటికి పంపరు, గంటగంటకీ కాళ్ల బలం చూస్తూ, మళ్లీ ఎమ్మారై తీస్తూ, కొంచెం తేడా వస్తే ఆపరేషన్ చేసేందుకు సిద్ధంగా ఉండి కనిపెట్టుకుంటారు. మీ నాన్నగారికి కాళ్లు పూర్తిగా పడిపోయాయి. ఆ పరిస్థితిలో పూస వెనక కమాను లాంటి ఎముకని తీసి, గడ్డని బయటికి తీసి, పాము మీద ఒత్తిడి తగ్గించడమే చికిత్స, దీన్నే లామినెక్టమీ అంటారు. ఆపరేషన్‌కి ముందు ఇచ్చిన ఇంజెక్షన్లు వార్ఫరిన్ ప్రభావాన్ని తిప్పికొట్టడానికి, మామూలుగా విటమిన్ కె, దాంతోపాటు రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు. విటమిన్ కె ఒక్కటే ఇస్తే పనిచేయడానికి గంటలు పడుతుంది కాబట్టి రెండూ కలిపి ఇస్తారు. రక్తం పలుచగా ఉండగా కోస్తే గడ్డ తీసిన చోటే మళ్లీ గడ్డ చేరుతుంది.

సమయం గురించి ఒక లెక్క చెప్తాను. 1995లో 30 మంది ఇలాంటి రోగుల మీద వచ్చిన ఒక పరిశీలనలో 12 గంటల లోపు ఆపరేషన్ అయినవాళ్లు మెరుగ్గా కోలుకున్నారు. ఆ మరుసటి ఏడాది, అప్పటిదాకా ప్రపంచవ్యాప్తంగా నమోదైన కేసులన్నీ పోగేసి చేసిన విశ్లేషణలో, కాళ్లలో కదలికా స్పర్శా రెండూ పూర్తిగా పోయినవాళ్లకి 36 గంటల లోపు, కొంతైనా మిగిలినవాళ్లకి 48 గంటల లోపు ఆపరేషన్ జరిగితే కోలుకునే అవకాశం ఎక్కువని తేలింది. ఎంత తొందరైతే అంత మంచిదన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాట. మీ నాన్నగారికి నొప్పి మొదలైన పన్నెండున్నర గంటలకి, కాళ్లు లేవలేదని తెలిసిన ఎనిమిదిన్నర గంటలకి థియేటర్‌లోకి తీసుకెళ్లారు. దారిలో ఈసీజీ, తల స్కాన్, ఎమ్మారై, రక్తాన్ని సరిచేయడం ఇన్ని ఉన్నాయని చూస్తే అది ఆలస్యం కాదు.

ఇక నడుస్తారా అన్న ప్రశ్న. నడుస్తారని మాటివ్వలేను, నడవరని చెప్పడానికి కారణమూ కనపడడం లేదు. ఎవరు ఎంత కోలుకుంటారన్నది అన్నిటికన్నా ఎక్కువగా ఆపరేషన్‌కి ముందు ఏం మిగిలి ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ముట్టుకుంటే తెలిసేదని రాశారు, అది చిన్న విషయం కాదు. పాము పూర్తిగా తెగిపోయినట్టు కాలేదు, కొన్ని దారులు తెరిచే ఉన్నాయని అర్థం. ఇప్పుడు దానికి తోడు 19వ రోజుకి బొటనవేలు కదిలింది. వెన్నుపాము దెబ్బల్ని డాక్టర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఏ (A) నుంచి ఈ (E) వరకు ఐదు గ్రేడులుగా రాస్తారు. A అంటే మలద్వారం చుట్టూ కూడా స్పర్శ, బిగింపు ఏవీ లేకపోవడం, E అంటే మామూలు స్థితి. మీ వివరాల ప్రకారం ఆయన బీ నుంచి సీ వైపు జరుగుతున్నట్టుంది, సరిగ్గా ఏ గ్రేడో పరీక్ష చేసి చెప్పాల్సింది అక్కడి డాక్టర్లే, అడగండి. ఆ ఒక్క అక్షరం తెలిస్తే మిగతా ప్రణాళిక అంతా దాని చుట్టూ నడుస్తుంది. కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల నుంచి ఏడాది లోపు కనిపిస్తుంది, ఆ తర్వాత కూడా నెమ్మదిగా మార్పులు వస్తూనే ఉంటాయి.

బొటనవేలి గురించి ఒక పని చేయండి. రోజూ ఒకే సమయానికి, ఫిజియోథెరపీ మొదలుకాకముందు, దుప్పటి తీసేసి ఆయన్నే తన కాళ్లు చూడమనండి. ఎడమ బొటనవేలు పైకి లేపమనండి, కిందికి నొక్కమనండి, మడమ లాగమనండి, మోకాలి పైన తొడ కండరం బిగించమనండి. తర్వాత కుడికాలికి కూడా, అక్కడ ఏమీ లేదని తెలిసినా సరే, ఇవే అడగండి. కాలు కదలకపోయినా తొడ మీద మీ అరచెయ్యి పెట్టి ఉంచితే చర్మం కింద సన్నగా బిగుసుకున్నట్టు తెలుస్తుంది ఒక్కోసారి, కంటికి కనపడదు, చేతికే తెలుస్తుంది. అది కూడా కదలికే. ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయండి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదు, మూడు వారాల కిందటి పేజీ తిప్పితే తెలుస్తుంది. ఒక జాగ్రత్త, కాలు అనుకోకుండా ఎగిరిపడితే, వణికితే అది బలం కాదు, పాము దెబ్బ తర్వాత వచ్చే బిగుతు, అది ఎక్కువై నిద్ర చెడుతుంటే బాక్లోఫెన్ లాంటి మందులున్నాయి. ఆయన కావాలనుకున్నప్పుడు కదిలిందే లెక్క.

ఇద్దరు డాక్టర్ల మధ్య మీరు నలిగిపోతున్న విషయానికొస్తే, ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మెటల్ వాల్వ్ మీద రక్తం గడ్డకడితే వాల్వ్ ఇరుక్కుపోవచ్చు, ఆ గడ్డ మెదడుకి వెళ్తే పక్షవాతం. ఇంకోవైపు వెన్నులో గాయం పచ్చిగా ఉండగా రక్తం పలుచబడితే మళ్లీ అదే చోట రక్తం చేరి, ఇప్పుడు కదులుతున్న ఆ బొటనవేలు కూడా ఆగిపోవచ్చు. ఇందులో ఒకరి మాట విని ఇంకొకరిది కాదనే పని మీరు పెట్టుకోవద్దు. మీరు చేయాల్సింది వాళ్లిద్దర్నీ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేయడం, ఆ నిర్ణయం తేదీతో సహా కేస్ షీట్‌లో రాయించడం. ఇలా అడగండి: వాల్వ్ ఏ చోట ఉంది, అది గడ్డకట్టే ప్రమాదం ఎంత (మైట్రల్ చోట, అంటే గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉంటే ప్రమాదం ఎక్కువ), మందు మొదలుపెట్టే ముందు ఇంకోసారి ఎమ్మారై తీస్తారా, మొదట ఆసుపత్రిలోనే డ్రిప్‌లో హెపారిన్‌తో మొదలుపెట్టడం కుదురుతుందా. హెపారిన్ ఎందుకంటే దాని ప్రభావం కొద్ది గంటల్లోనే దిగిపోతుంది, ప్రొటమిన్ అనే ఇంజెక్షన్‌తో తిప్పికొట్టవచ్చు కూడా, కాళ్లలో ఏమాత్రం తేడా వచ్చినా ఆపేయొచ్చు. వార్ఫరిన్ అలా కాదు, అది పూర్తిగా పనిచేయడానికి దాదాపు ఐదు రోజులు, దాని పని తగ్గడానికీ రోజులే. ఆపిన మందు అలా ఎవరూ పట్టించుకోకుండా ఆగిపోయి ఉండటం మాత్రం అన్నిటికన్నా చెడ్డది, 19 రోజులంటే వాల్వ్‌కి తక్కువ కాలం కాదు, అందుకే రేపు రౌండ్స్‌కి వచ్చినప్పుడే అడగమంటున్నాను.

కొత్తరకం మందులు వార్ఫరిన్ కంటే సేఫ్ అట కదా, వాటికి మారుద్దామా అని ఎవరైనా అంటే, మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకి అవి పనికిరావు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ని మెటల్ వాల్వ్‌లున్నవాళ్ల మీద పరీక్షించినప్పుడు గడ్డలూ రక్తస్రావాలూ రెండూ ఎక్కువయ్యి ఆ పరీక్షని మధ్యలోనే ఆపేశారు, 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆయనకి వార్ఫరినే, ఐఎన్ఆర్ పరీక్షే.

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న పనులు. పుండ్లు పడకుండా చూడటం వీటిలో మొదటిది, నా దృష్టిలో నడక కంటే కూడా ముందు. స్పర్శ తగ్గిన చర్మం నొప్పి పుడుతోందని చెప్పలేదు. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రిళ్లు కూడా, కుర్చీలో కూర్చోబెడితే 15 నుంచి 30 నిమిషాలకోసారి బరువు ఒక పక్కకి వంచి చర్మానికి ఊపిరి ఇవ్వాలి. పొద్దునా సాయంత్రం మొబైల్ టార్చ్ వేసి తోకెముక మీద, పిరుదుల కింద ఎముక తగిలే చోట, మడమల మీద, చీలమండల మీద చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే రంగు పాలిపోయి తిరిగి రావాలి, పాలిపోకుండా అలాగే ఉంటే పుండు మొదలైనట్టే, అక్కడ ఇక బరువు పడనివ్వకూడదు. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు కనపడదు, అందుకని వేలి వెనకభాగంతో తాకి చూడండి, చుట్టుపక్కల కంటే వెచ్చగానో, గట్టిగానో, మెత్తగా ఉబ్బినట్టో ఉంటే అదే గుర్తు. కాళ్లకి వేడినీళ్ల బ్యాగు పెట్టకండి, కాలినా ఆయనకి తెలియదు. పిక్కలు గట్టిగా మర్దనా చేయకండి, పడుకున్న కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి ఉండే అవకాశం ఉంది, ఒక పిక్క రెండోదానికంటే లావుగా, వెచ్చగా కనిపిస్తే వెంటనే చెప్పండి.

యూరిన్ పైపు ఎల్లకాలం ఉంచరు. తీసేశాక సొంతంగా ఎంత పోగలుగుతున్నారు, ఇంకా ఎంత మిగిలిపోతోంది అని చూస్తారు. మిగిలిపోతుంటే నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్నటి పైపు పెట్టి ఖాళీ చేసి తీసేసే పద్ధతి నేర్పిస్తారు, ఆయన చేతులు బాగున్నాయి కాబట్టి ఆయనే నేర్చుకోవచ్చు. వినడానికి ఇబ్బందిగా ఉంటుంది కానీ ఎప్పుడూ లోపలే ఉండే పైపు కంటే ఇన్ఫెక్షన్లు తక్కువ, మర్యాద కూడా నిలబడుతుంది. ఒక్కోసారి ఖాళీ చేసేది 500 మిల్లీలీటర్లు దాటకుండా చూసుకోవాలి. మూత్రం మబ్బుగా ఉందని ఊరికే యాంటీబయాటిక్ వేయొద్దు. జ్వరం, చలి, కాళ్ల బిగుతు ఒక్కసారిగా పెరగడం ఇవి ఉంటే పరీక్ష చేయించి అప్పుడు మొదలుపెట్టాలి. మొదలుపెట్టే ప్రతిసారీ మెటల్ వాల్వ్ ఉంది, వార్ఫరిన్ వాడుతున్నారు అని నోరు తెరిచి చెప్పండి, మూడు నుంచి ఐదు రోజుల్లో ఐఎన్ఆర్ చూపించండి. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి ఎక్కువగా రాసే కోట్రైమాక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్ కూడా ఐఎన్ఆర్‌ని పెంచేవే. విరేచనం సంగతి ఏమిటంటే రోజూ ఒకే సమయం, ఏదైనా తిన్న అరగంటకి కూర్చోబెట్టడం అలవాటు చేయండి, ఆ సమయంలో పేగులు సహజంగా కదులుతాయి.

ఇంకోటి, ఇది ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఛాతీ 6వ పూసకి పైన వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకి, ఆసుపత్రి నుంచి వెళ్లాక కూడా, ఒక వింత ప్రమాదం ఉంటుంది. పైపు మడతపడి మూత్రం నిండిపోయినా, మలం గట్టిపడినా, గోరు లోపలికి గుచ్చుకున్నా ఆ నొప్పి మెదడుకి అందదు, బదులుగా బీపీ ఒక్కసారిగా ఎగిసిపోతుంది. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, మెడ మీద, ఒంటి పైభాగంలో చెమటలు. అలా అయితే పడుకోబెట్టకండి, వెంటనే లేపి కూర్చోబెట్టండి, కాళ్లు కిందికి వేలాడనివ్వండి, బిగుతుగా ఉన్న బట్టలు వదులు చేయండి, పైపు ఎక్కడైనా నలిగిందేమో చూడండి. కారణం దొరికి తీసేస్తే నిమిషాల్లో దిగుతుంది, దిగకపోతే ఎమర్జెన్సీకి వెళ్లాలి. రక్తం పలుచబడే మందు వాడే మనిషిలో బీపీ అలా ఎగరడం మెదడుకి కూడా ప్రమాదం, దాన్ని కాసేపాగి చూద్దాం అనుకోవద్దు.

వెన్నులో కొత్తగా పొడిచినట్టు నొప్పి, ఉన్న కదలిక తగ్గడం, మొద్దుబారిన గీత ఛాతీ మీద పైకి పాకడం, ఆపరేషన్ గాయం నుంచి నీళ్లలా కారడం, జ్వరం, వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రయినా డాక్టర్‌కి చెప్పాల్సినవే. మందు మళ్లీ మొదలుపెట్టిన మొదటి రెండు వారాలు మరీ జాగ్రత్త.

ఆయన మాట్లాడకపోవడం గురించి. మొన్నటిదాకా తన పని తాను చేసుకున్న మనిషి, ఇవాళ కన్నబిడ్డ ముందు యూరిన్ బ్యాగుతో పడుకుని ఉన్నారు. మాటలు పోవడం నాకు అర్థమవుతుంది, మీకూ అవుతుంది. ధైర్యంగా ఉండు నాన్నా అని పదేపదే అనకండి, దానికి ఆయన దగ్గర జవాబుండదు. జవాబు చెప్పగలిగేవి అడగండి, ఏ పక్కకి తిప్పమంటావు, కర్టెన్ తీయనా, ఇప్పుడు వేలు కదపాలా సాయంత్రమా అని. చిన్నవే అయినా నిర్ణయాలు ఆయన చేతికి తిరిగి ఇవ్వండి. డాక్టర్లు ఆయన మంచం పక్కనే నిలబడి మీతో మాట్లాడుతుంటే, నాన్నకే చెప్పండి అనండి. రెండు మూడు వారాలు దాటినా తిండి, నిద్ర, మాట లేకపోయినా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి వచ్చినా మానసిక వైద్యుల్ని పిలిపించమని మీరే అడగండి, వెన్నుపాము దెబ్బ తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుంది, దానికి మందులున్నాయి, అవి ఫిజియోథెరపీకి కూడా సాయపడతాయి. మందు ఏదైనా సరే వార్ఫరిన్‌తో కలుస్తుందో లేదో అడగడం మర్చిపోకండి, డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మాత్రలు కూడా రక్తస్రావం కొంచెం పెంచుతాయి.

ఆ రాత్రి సంగతి ఆయనతో మీరు మాట్లాడారా? నిద్ర పట్టడం లేదని నాకు రాశారు కానీ ఆయనకి చెప్పారో లేదో రాయలేదు. నేనే పడుకోమన్నాను నాన్నా, నాకు తెలియలేదు అని ఒక్కసారి ఆయనతో అనండి. ఆయన ఏమంటారో నాకు తెలియదు, కానీ ఇద్దరూ వేరువేరుగా అదే గంట గురించి ఆలోచిస్తూ మౌనంగా కూర్చుని ఉంటారని అనిపిస్తోంది.

ఈ జవాబు చదివే మిగతావాళ్లలో రక్తం పలుచబడే మందులు వాడుతున్నవాళ్లు, రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బులున్నవాళ్లు, ఈ మధ్య వెన్నులో మత్తు ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లు ఉంటే వాళ్లకో మాట. మెడలోనో వెన్నులోనో ఒక్కసారిగా విపరీతమైన నొప్పి వచ్చి, ఆ తర్వాత నిమిషాల్లోనో గంటల్లోనో కాళ్లు, చేతులు బలహీనపడినా, మొద్దుబారినా, మూత్రం రాకుండా ఆగిపోయినా తెల్లారేదాకా ఆగకండి. ఆసుపత్రి గుమ్మంలోనే ఏ మందు వాడుతున్నారో, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి. కొందరికి ఒక పక్క చెయ్యి, కాలు మాత్రమే పడిపోయి అచ్చం పక్షవాతంలా కనిపిస్తుంది, అప్పుడు పొరపాటున గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే రక్తస్రావం మరింత పెరుగుతుంది. మూతి వంకర పోలేదు, మాట తడబడలేదు, నొప్పి మాత్రం మెడలో మొదలైంది అన్న మాట ఆ సమయంలో మీరు చెప్తే డాక్టర్ చూపు వెన్ను వైపు తిరుగుతుంది.

మీరు మళ్లీ రాయండి. రాసేటప్పుడు ఆ పంటి మాత్రల పేర్లేమిటో, డాక్టర్లిద్దరూ కలిసి ఏం తేల్చారో, గ్రేడ్ ఏ అక్షరమో, కుడి తొడ మీద చెయ్యి పెట్టినప్పుడు ఏమైనా తగిలిందో రాయండి.